బీపీ, షుగర్, చేతిలో ఫోన్: ఓపీలో తరచూ వినే అపోహలు, వాటి వెనక వాస్తవాలు

ఈమధ్య ఓపీలో కూర్చోగానే పాత చీటీ కంటే ముందు ఫోన్ బయటికొస్తోంది. వాట్సాప్‌లో నెల రోజుల షుగర్ రీడింగులు, యాప్‌లో బీపీ గ్రాఫు, వాచీ తీసిన ఈసీజీ. సంతోషమే. ఇవి ఏళ్ల తరబడి వెంట ఉండే జబ్బులు. ఏడాది మొత్తంలో డాక్టరు ఎదుట కూర్చునేది మహా అయితే గంటో రెండు గంటలో. మిగతాదంతా ఇంట్లో, పొలంలో, ఆఫీసులో, పెళ్లి భోజనాల్లో గడిచేదే. అక్కడ ఫోన్ బాగానే అక్కరకొస్తుంది. కాకపోతే దాని మీద పెట్టుకుంటున్న ఆశల్లో కొన్ని అది తీర్చేవి కావు.

అపోహ: మంచి యాప్ వేసుకుంటే చాలు, బీపీ, షుగర్ కంట్రోల్‌లోకి వస్తాయి.

వాస్తవం: యాప్ అంకెలు భద్రపరుస్తుంది, మాత్ర వేళ గుర్తుచేస్తుంది. మందు మార్చాల్సింది మనిషే. దీన్ని మన పశ్చిమ గోదావరి పల్లెల్లోనే పరీక్షించి చూశారు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థ వాళ్లు 18 పీహెచ్‌సీల పరిధిలోని 54 ఊళ్లలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చారు. ఆశా ఇంటికెళ్లి బీపీ చూసి వివరాలు నమోదు చేస్తే, ఆ మనిషికి గుండెజబ్బు ముప్పు ఎంతో ట్యాబ్ లెక్కగట్టేది. ముప్పున్నవాళ్ల వివరాలు డాక్టరుకు చేరేవి. 2019లో ఫలితాలు బయటికొచ్చాయి. ముప్పు ఎక్కువున్నవాళ్లలో బీపీ అదుపులో ఉన్నవారు ఈ పద్ధతిలో 41 శాతం, మామూలు పద్ధతిలో 39 శాతం. తేడా లేనట్టే. హర్యానా, కర్ణాటకల్లో 40 సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ రోగులకు ఇలాగే ట్యాబ్ వాడి చూసిన ఎంవెల్‌కేర్ అధ్యయనంలోనూ అంతే. ట్యాబ్ ఉన్నచోటా, లేనిచోటా రోగులు దాదాపు ఒకేలా మెరుగయ్యారు.

అలాగని ఫోన్ దండగ అనుకోవద్దు. షుగర్ వచ్చే అంచున ఉన్న 537 మంది దక్షిణాది మగవాళ్ల మీద చెన్నైకి చెందిన డాక్టర్ రామచంద్రన్ బృందం చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. సగం మందికి తిండి గురించి, నడక గురించి తరచూ ఎస్ఎంఎస్‌లు పంపారు. రెండేళ్లు తిరిగేసరికి అవి అందినవాళ్లలో 18 శాతం మందికి షుగర్ వచ్చింది, అందనివాళ్లలో 27 శాతం మందికి. యాప్ లేదు, గ్రాఫు లేదు, ఉత్త మెసేజీ! నాకు తోచిన కారణం ఇది: అన్నం తగ్గించడం, నడవడం ఎవరి చేతిలో పని వాళ్లదే. బీపీ మాత్ర మొదలుపెట్టాలన్నా, మోతాదు పెంచాలన్నా డాక్టరు దొరకాలి, పీహెచ్‌సీలో మందు ఉండాలి. అందుకే 'ఏ యాప్ మంచిది సార్?' అంటే, 'మీ రీడింగు చూసి బదులు చెప్పేవాళ్లు ఎవరున్నారు?' అని ఎదురడుగుతాను.

అపోహ: వాచీ పెట్టుకుంటే షుగర్ చూపిస్తుంది, సూదితో పనిలేదు.

వాస్తవం: చర్మంలోకి సూది గానీ సెన్సర్ గానీ దిగకుండా షుగర్ కొలిచే వాచీకి, ఉంగరానికి అనుమతి ఇవ్వనేలేదని అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ అంకె చూసి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

అపోహ: చేతికి సెన్సర్ అంటించాం కాబట్టి అది చెప్పిందే షుగర్.

వాస్తవం: చేతికి అంటించే ఈ సెన్సర్ బిళ్ల రాత్రీపగలూ షుగర్ కొలుస్తూ ఫోన్‌కు పంపుతుంది. కానీ అది కొలిచేది రక్తంలోని షుగర్‌ను కాదు, చర్మం కింది ద్రవంలోని షుగర్‌ను. తిన్న వెంటనే, నడిచిన వెంటనే అది రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకపడుతుంది. ఇంకో తిరకాసు రాత్రిపూట. కొడుకు డల్లాస్‌లో, అమ్మానాన్నలు తణుకులో ఉన్న ఇళ్లలో ఇది మామూలైపోయింది. అక్కడ మధ్యాహ్నం, ఇక్కడ అర్ధరాత్రి. కొడుకు ఫోన్‌లో అలారం మోగుతుంది, 58. 'అమ్మా, నాన్నకు షుగర్ పడిపోయింది, లేపు!' ఆవిడ కంగారుగా గ్లాసుడు పంచదార నీళ్లు తాగిస్తుంది. తెల్లారి చూస్తే 240. ఆయనకేమీ కాలేదు, సెన్సర్ ఉన్న చేతి మీద ఒత్తిగిలి పడుకున్నాడు. అలా నొక్కుకుంటే, అసలు లేని తగ్గుదలను సెన్సర్ చూపిస్తుంది. ముందు అటు తిప్పి పడుకోబెట్టి, వేలికి గుచ్చి మిషన్‌లో చూడండి. చెమటలు పట్టి, వణుకుతూ, మాట తడబడుతుంటే మాత్రం మిషన్ కోసం వెతుక్కోవద్దు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చేసి, పావుగంట తర్వాత చూడండి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

వేలికి గుచ్చేముందు చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోవాలి. మామిడిపండు తిన్న వేలితో చూస్తే మిషన్ ఆ తీపిని కూడా లెక్కేస్తుంది.

అపోహ: బీపీ ఎన్నిసార్లు చూసుకుంటే అంత మంచిది.

వాస్తవం: 150 చూసి భయపడి వెంటనే మళ్లీ పట్టీ చుట్టుకుంటే 158 వస్తుంది, మూడోసారి ఇంకా పైకి! ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, మధ్యలో నిమిషం తేడాతో, వారం రోజులు చూస్తే చాలు. వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, మాటలాడకుండా అయిదు నిమిషాలు కూర్చున్నాక, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి చూడాలి. టీ తాగి అరగంటైనా గడవాలి. ఇంట్లో వారం సగటు 135/85 దాటితే నాకు చెప్పండి. బ్లూటూత్ మిషన్‌లో నాకు నచ్చేది ఒకటే. కాగితం మీదైతే బాగా వచ్చినవే రాసుకొస్తారు, మిషన్‌కు ఆ మొహమాటం లేదు.

అపోహ: చదువు రాని పెద్దవాళ్లకు ఇవన్నీ ఎందుకు?

వాస్తవం: స్మార్ట్‌ఫోన్ మనవడి జేబులో ఉన్నా ఫర్వాలేదు. 'ఆ ఎర్ర మాత్ర ఆపేశానయ్యా' అంటే అది బీపీదో, గుండెదో నాకేం తెలుస్తుంది? వాడుతున్న మాత్రల షీట్లన్నీ మంచం మీద పరిచి, పేరు కనిపించేలా ఒక ఫోటో తీసి పంపమంటాను. దానికి వాయిస్ మెసేజ్ తోడైతే సగం పని అయినట్టే.

అపోహ: రిపోర్టు వాట్సాప్‌లో పెట్టాం, చూపించుకున్నట్టే.

వాస్తవం: ఫోన్‌లో వైద్యానికి 2020 మార్చి 25న కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఏ మందు వీడియోలో చూసి రాయొచ్చో, ఏది అసలు రాయకూడదో వాటిలో ఉంది. కానీ రాత్రి పదింటికి మీరు పెట్టిన మెసేజ్ నేను పొద్దున చూస్తాను. గుండెనొప్పికి వాట్సాప్ పనికిరాదు, 108 చేయాలి. ఏడాదికోసారి కంటి వెనక పొర పరీక్ష, కిడ్నీల కోసం మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, పాదాల స్పర్శ... ఇవన్నీ మనిషి వస్తేనే కుదిరేవి. పాదాల విషయంలో మాత్రం ఫోన్‌తో ఒక వాడకం ఉంది. వంగి అరికాలు చూసుకోలేనివాళ్లు రాత్రి పడుకునేముందు ఇంట్లోవాళ్ల చేత ఫోటో తీయించుకోండి. బొబ్బ, చీలిక, నల్లబడిన మచ్చ కనిపిస్తే ఆ ఫోటో నాకు పంపి ఊరుకోకుండా మర్నాడే ఓపీకి రండి, నొప్పి లేకపోయినా సరే.