పక్క బోరు చెప్పే సంగతి

చిరంజీవులకు ఆశీస్సులు.

నేల కింద నీరు చెరువులా నిలిచి ఉంటుందని చాలామంది అనుకుంటారు గాని, అది సాధారణంగా ఇసుక రేణువుల సందుల్లోనూ రాతి పగుళ్లలోనూ చేరి బహు నెమ్మదిగా కదులుతూ ఉంటుంది. అటువంటి పొర నీటిని ఎంత సులువుగా పారనిస్తుంది, తనలోని నీటిలో ఎంత భాగం వదులుతుంది అన్నవి రెండు వేర్వేరు గుణాలు. బంకమట్టిలో నీరెంత ఉన్నా అది అంత తేలికగా వదలదు.

ఈ గుణాలను తేల్చడానికి ఒక బోరులో మోటారు దించి, నిమిషానికి ఇన్ని లీటర్లని ముందే ఖాయం చేసుకుని, ఆ లెక్క మారకుండా గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి నీరు తోడుతారు. తోడుతున్నకొద్దీ ఆ బోరు చుట్టూ నీటిమట్టం గరాటులా కుంగుతుంది. నీరు సులువుగా పారే పొరలో ఆ గరాటు లోతు తక్కువగా, వెడల్పుగా పరుచుకుంటుంది. పారని పొరలో నిటారుగా దిగుతుంది. తోడే బోరులో మట్టం గొట్టపు రంధ్రాల దగ్గరి అడ్డంకుల వల్ల కూడా పడిపోతుంది కనుక దాన్నొక్కదాన్నే నమ్మలేము. అందుకే కొంత దూరంలో మరో బోరు ఉంచుకుని, అందులోకి టేపు దించి కొలుస్తారు. టేపు కొన నీటిని తాకగానే కీచుమంటుంది. మొదట అరనిమిషానికోసారి, పిదప అయిదు నిమిషాలకు, ఆనక గంటకోసారి కొలిస్తే చాలు. ఆ పక్క బోరులో మట్టం ఎంత ఆలస్యంగా కదిలిందో చూస్తే పొర ఎంత నీరు వదులుతుందన్న సంగతి, ఆ తర్వాత ఏ తీరున దిగుతూ పోయిందో చూస్తే పారుదల సంగతి బయటపడతాయి. మొదటి నిమిషాలు జారిపోతే మళ్లీ మొదటి నుంచి చేయవలసిందే.

ఇసుక గుండా నీరు పారే నియమాన్ని ఫ్రాన్సులో హెన్రీ డార్సీ 1856లో ప్రకటించాడు. కాలంతోపాటు మట్టం ఎలా దిగుతుందో చెప్పే సూత్రాన్ని 1935లో అమెరికాకు చెందిన ఛార్లెస్ థీస్, ఘనపదార్థంలో వేడి పాకే తీరుతో పోల్చి సాధించాడు. నాకు ఇప్పటికీ ముచ్చటగా తోచే పోలిక అది.

నా తొలి పరీక్షలో తోడిన నీటిని పక్కనే వదిలేశాను. రాత్రికి మట్టం దిగడం ఆగిపోయింది. ఎంత గొప్ప పొర దొరికిందోనని మురిసిపోయాను. తీరా చూస్తే పైన వదిలిన నీరే ఇసుకలోంచి ఇంకి మళ్లీ బోరు చేరుతోంది! అప్పటినుంచి తోడిన నీటిని దూరంగా వదిలే గొట్టం పొడవు చూశాకే మోటారు ఆన్ చేసేవాణ్ని.

మోటారు ఆపాక మట్టం పైకి వచ్చే తీరును కూడా అంతే శ్రద్ధగా కొలవాలి. తోడేటప్పుడు కరెంటు హెచ్చుతగ్గులతో వచ్చే తేడాలు అప్పుడుండవు కనుక నేను ఆ కొలతలనే ఎక్కువ నమ్ముతాను.

మీ
తాతయ్య