పోలీసులపై ఫిర్యాదు: బెజవాడ, గుంటూరులో రోజూ వినే అపోహలు

క్రిమినల్ లాయర్‌గా నేను రెండు ఊళ్ల కోర్టుల్లోనూ తిరుగుతుంటాను. స్టేషన్‌లో అన్యాయం జరిగిందని వచ్చేవాళ్లు చాలామంది అప్పటికే విలువైన రోజులు పోగొట్టుకుని ఉంటారు. ఈ అపోహలే అందుకు కారణం.

అపోహ: ఎమ్మెల్యేగారితో ఒక్క ఫోన్ చేయిస్తే చాలు.

వాస్తవం: దర్యాప్తు ఎలా చేయాలో ఎస్సైకి చెప్పే అధికారం ఎమ్మెల్యేకి లేదు. సస్పెండ్ చేసే అధికారం శాసనసభకూ లేదు, అది శాఖ చూసుకునే పని. సభకున్న బలం వేరు. పోలీసు శాఖ రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాలోది, అంటే రాష్ట్రం చేతిలోని అంశం. కాబట్టి వెలగపూడిలో ప్రశ్నోత్తరాల సమయంలో హోం మంత్రిని నిలదీయొచ్చు, బడ్జెట్ పద్దుల మీద అడగొచ్చు, పిటిషన్ల కమిటీ ముందు పెట్టొచ్చు. కస్టడీ మరణాలెన్ని, ఎంతమంది మీద చర్య తీసుకున్నారు, ఏ స్టేషన్లలో కెమెరాలు పనిచేయడం లేదు? ప్రభుత్వం చేత సభాముఖంగా జవాబు చెప్పించగలిగేది ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలే. అందుకే వాళ్ల దగ్గరికి వెళ్తే ఫోన్ చేయమని కాదు, ప్రశ్న వేయమని అడగండి. ఈ పని మన ప్రజాప్రతినిధులు ఇంకా గట్టిగా చేయాలన్నది నా కోరిక.

అపోహ: వారధి అవతల తాడేపల్లిలో జరిగింది కాబట్టి బెజవాడ స్టేషన్‌లో తీసుకోరు.

వాస్తవం: తీసుకోవాలి. 2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173వ సెక్షన్ ప్రకారం కాగ్నిజబుల్ నేరం (వారెంట్ లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగేది) ఎక్కడ జరిగినా జీరో ఎఫ్‌ఐఆర్ (స్టేషన్ పరిధితో పనిలేకుండా కట్టేది) కట్టి, సంబంధిత స్టేషన్‌కు పంపాలి. కాదంటే ఫిర్యాదును ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి, విజయవాడలో అయితే కమిషనర్‌కు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. పోస్టు రసీదు మాత్రం పారేయకండి.

అపోహ: హైదరాబాద్ పోలీసులు ఇక్కడికొచ్చి అరెస్టు చేయలేరు.

వాస్తవం: చేయగలరు. కానీ కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి.

అపోహ: దెబ్బల సంగతి బెయిల్ వచ్చాక చూసుకోవచ్చు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. రిమాండ్‌కి తెచ్చినప్పుడు మేజిస్ట్రేట్ "పోలీసులు ఏమైనా ఇబ్బంది పెట్టారా?" అని అడుగుతారు. పక్కనే కానిస్టేబుళ్లుంటారు. కుర్రాడు తల దించుకుని "లేదండీ" అంటాడు. ఆ మాట రికార్డులోకి ఎక్కుతుంది, అరికాళ్ల వాపు ఎక్కదు. కాబట్టి కోర్టు హాల్లోకి వెళ్లకముందే లాయర్‌కి చెప్పండి, దెబ్బలు చూపించండి. మేజిస్ట్రేట్ ఆస్పత్రికి పంపితే గాయం ఎక్కడుంది, ఎంత ఉంది, ఎన్నాళ్ల క్రితంది అన్నది డాక్టర్ రాస్తారు. వారం ఆగితే రాయడానికి మచ్చ కూడా మిగలకపోవచ్చు.

ఫుటేజీ విషయంలోనూ అంతే. స్టేషన్లలో మాటలు కూడా రికార్డయ్యే కెమెరాలు పెట్టాలని, ఆ రికార్డింగులను 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది ఉంచాలని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా గడువుంది కదా అని ఊరుకోకండి. ఏ తేదీ, ఏ సమయం నుంచి ఏ సమయం వరకు, లాకప్‌దా, వరండాదా, ఎస్సై గదిదా అన్నది రాసి, ఆ ఫుటేజీ భద్రపరచమని అదే రోజు అర్జీ పెట్టండి.