గేటు ఎప్పుడు తీస్తారు?

తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. ముందే కౌంటర్లో ఇచ్చేసి రావాలి. ఇక కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నాక గంటల తరబడి చేయడానికి పనేమీ ఉండదు. పాలు ఇస్తారు, ఉప్మా పెడతారు, పిల్లలు అటూ ఇటూ పరుగెడుతుంటారు. అక్కడ అందరి నోటా వినిపించే మాట ఒకటే: "గేటు ఎప్పుడు తీస్తారు?" అడిగినంత మాత్రాన గేటు ముందుగా తెరుచుకోదని అడిగేవాళ్లకీ తెలుసు. కడుపు నిండింది, కూర్చోడానికి చోటు దొరికింది, అయినా లోపల చిరాకు. ఇంట్లో గ్యాస్ ఆపామా, కిందికి దిగేసరికి బస్సు ఉంటుందా, సోమవారం మేనేజర్ ఏమంటాడు... ఒళ్లు కొండమీద ఉంటుంది, మనసు మాత్రం ఊళ్లు తిరుగుతుంటుంది. అలా పోయిన మనసును గమనించి ఉన్నచోటికి తెచ్చుకోవడాన్నే మైండ్‌ఫుల్‌నెస్ అంటున్నారు. ఈ మాటలన్నీ దాని గురించే.

మనసు తిరుగుడును లెక్కగట్టినవాళ్లు ఉన్నారు. హార్వర్డ్ యూనివర్సిటీలో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ కలిసి ఒక ఫోన్ యాప్ ద్వారా 2,250 మందిని రోజులో ఎప్పుడు పడితే అప్పుడు పలకరించారు. ఇప్పుడు ఏం చేస్తున్నారు, ఎలా ఉన్నారు, చేస్తున్న పని కాక వేరే ఏదైనా ఆలోచిస్తున్నారా అన్నవి ముఖ్యమైన ప్రశ్నలు. 2010లో ఫలితాలు అచ్చయ్యాయి. 46.9 శాతం సార్లు మనసు పనిమీద లేదు. అంతకంటే ఆసక్తికరమైన సంగతి ఇంకొకటుంది. మనసు చెడ్డ విషయాల మీదికి పోయినప్పుడు జనం దిగులుగా ఉన్నారంటే వింతేం లేదు. మంచి విషయాల మీదికి పోయినప్పుడు కూడా, చేస్తున్న పనిలో ఉన్నప్పటికంటే ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు. వీళ్లలో ఎక్కువమంది అమెరికావాళ్లు, చెప్పిందంతా వాళ్ల నోటి మాటే. కాబట్టి ఆ అంకెను మన ఊరికి ఉన్నదున్నట్టు అంటగట్టక్కర్లేదు. కానీ ఆ తీరు మాత్రం కంపార్ట్‌మెంట్‌లో ఒక పూట కూర్చున్న ఎవరికైనా తెలిసిందే.

మనసు తిరిగితే ఒంటికి ఏమవుతుంది? అలిపిరి నడకదారిలో చిరుత ఎదురైందనుకోండి. మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం చిటికెలో గంట మోగిస్తుంది. మెదడులోనే ఉండే హైపోథాలమస్ నుంచి నరాల ద్వారా, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులకు కబురు వెళ్తుంది. అడ్రినలిన్ రక్తంలో కలుస్తుంది, గుండె దడదడలాడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. పోరాడడానికో పారిపోవడానికో శరీరం ఇలా సిద్ధమవుతుందని అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ వందేళ్ల కిందటే వివరించాడు. ఆ వెనకే, కాస్త నిదానంగా, కార్టిసాల్ పెరుగుతుంది. పోరాటానికి కావలసిన చక్కెరను రక్తంలోకి తెచ్చే హార్మోన్ అది. చిరుత పొదల్లోకి వెళ్లిపోయాక ఈ హడావిడంతా మెల్లగా సద్దుమణుగుతుంది.

చిక్కల్లా ఏమిటంటే, ఈ గంట మోగడానికి చిరుతే రానక్కర్లేదు. ఇఎంఐ కట్టలేదని వచ్చిన మెసేజ్ చాలు. అసలు మెసేజ్ కూడా అక్కర్లేదు, వస్తుందేమోనన్న తలపు చాలు. చిరుత ఒక్కసారి కనబడి పోతుంది. తలపు అలా పోదు. రాత్రి పదకొండుకి ఒకసారి, తెల్లవారుజామున మూడింటికి ఒకసారి వచ్చి గంట కొట్టి పోతుంది. అప్పుడప్పుడు వచ్చే ఒత్తిడిని శరీరం బాగానే తట్టుకుంటుంది. తెరిపి లేకుండా నెలల తరబడి సాగితేనే నిద్ర చెడుతుంది, బీపీ పెరుగుతుంది, చీటికీమాటికీ కోపం వస్తుంది.

మైండ్‌ఫుల్‌నెస్ పనిచేసేది సరిగ్గా ఈ చోటే. అది ఆలోచనల్ని ఆపదు. ఆపమని చెప్పే గురువును నమ్మకండి, అది అయ్యే పని కాదు. ఏ పనీ లేనప్పుడు కూడా మెదడులోని కొన్ని భాగాలు కలిసికట్టుగా చురుగ్గా ఉంటాయని మార్కస్ రైకిల్ బృందం 2001లో చూపించింది. గతాన్ని నెమరేయడం, రేపటిని ఊహించడం, మన గురించి మనమే ఆలోచించుకోవడం ఆ భాగాల పని. అది లేకపోతే పెళ్లికి ముహూర్తం పెట్టుకోలేం, పంటకు విత్తనం కొనలేం. మనం చేయాల్సింది మనసు పోయిందని గమనించడం, తిట్టుకోకుండా ఉన్నచోటికి తెచ్చుకోవడం. పది నిమిషాల్లో ఇరవైసార్లు పోతే ఇరవైసార్లు తెచ్చుకోవాలి. "నాకు ధ్యానం కుదరదండీ, మనసు నిలవదు" అనేవాళ్లు సరిగ్గా ఆ ఇరవైసార్లనీ ఓటమి కింద రాసుకుంటారు. సాధన అంటే అవే.

దీన్ని ఆసుపత్రి మెట్లెక్కించినవాడు జాన్ కబాట్-జిన్. బౌద్ధ ధ్యానం, హఠయోగం సాధన చేసిన ఈ జీవశాస్త్రవేత్త 1979లో మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో, ఎన్ని మందులు వాడినా నొప్పి తగ్గని రోగుల కోసం ఎనిమిది వారాల శిక్షణ మొదలుపెట్టాడు. మతం మాట ఎత్తకుండా గమనింపు ఒక్కటే నేర్పాడు. మొదటి పాఠం ఎండుద్రాక్షతో. ఒక్క ఎండుద్రాక్షను చేతిలో పెట్టుకుని దాని ముడతలు చూడాలి, వాసన చూడాలి, నాలుక మీద పెట్టుకుని వెంటనే నమలకుండా ఆగాలి, తర్వాత మెల్లగా తినాలి. తిరుపతివాళ్లకి ఆ ఎండుద్రాక్ష లడ్డూలోనే దొరుకుతుంది. కానీ లడ్డూ ముందుంటే ఆగేదెవరు?

రోజూ నలభై ఐదు నిమిషాలు కూర్చోవడం ఆ శిక్షణలో భాగం. ఇద్దరు పిల్లల్ని బడికి పంపి, ఎనిమిదింటి బస్సు అందుకోవాల్సిన ఇల్లాలికి ఆ మాట చెబితే అదే ఇంకో టెన్షన్. అందుకే విడిగా టైమ్ వెతుక్కోవడం కంటే, ఎలాగూ చేసే పనుల్లో ఒకదాన్ని ఎంచుకోవడం మేలని నా ఉద్దేశం. మన వైపు దానికి సంగటిని మించింది లేదు. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి, కాసేపు మగ్గనిచ్చి, కట్టెతో కెలకాలి. ఉండ కట్టకూడదు, అడుగంటకూడదు. మగ్గిన పిండి వాసన, కట్టెకు తగిలే బిగువు, చేయి తడిచేసుకుని ముద్ద చేసేటప్పుడు అరచేతికి తగిలే వేడి... ఇన్ని సంగతులు పిలుస్తుంటే మనసు ఎంతో దూరం పోలేదు. పోయినా చెయ్యి కాలి తిరిగొస్తుంది. ఇంత శ్రద్ధగా చేసిన సంగటిని ఊరిబిండి పచ్చడితో తినేటప్పుడు మాత్రం ఎదురుగా ఫోన్‌లో వీడియో నడుస్తుంటుంది. ముద్ద ఎప్పుడు అయిపోయిందో తెలియదు.

గిన్నెలు తోమడం మీద అయితే ఒక పరిశోధనే ఉంది. 2015లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీవాళ్లు 51 మంది విద్యార్థుల చేత గిన్నెలు కడిగించారు. కొందరికి ముందుగా సబ్బు వాసన, నీటి వెచ్చదనం, గిన్నె స్పర్శ గమనిస్తూ కడగమనే రాత చదివించారు. మిగతావాళ్లకి గిన్నెలు శుభ్రంగా కడగడం ఎలాగో చెప్పే రాత ఇచ్చారు. గమనిస్తూ కడిగినవాళ్లలో ఆందోళన 27 శాతం తగ్గింది, రెండో గుంపులో తేడా లేదు. చిన్న పరిశోధన, దీన్ని పట్టుకుని గొప్పలు పోనక్కర్లేదు. కాకపోతే చేసి చూడ్డానికి పైసా ఖర్చు లేదు, గిన్నెలు ఎలాగూ తోమాల్సిందే.

బండిమీద వెళ్లేవాళ్లకి తిరుపతిలో లీలామహల్ సర్కిల్ ఉంది. ఎర్ర లైటు పడ్డాక హ్యాండిల్ మీద వేళ్లు ఎంత బిగుసుకున్నాయో, భుజాలు ఎంత పైకి లేచాయో ఒకసారి చూసుకోండి. వదిలేయండి. కాలు నేలకు ఆనిన చోటును గమనించండి. తర్వాత ఊపిరి మెల్లగా, పీల్చినదానికంటే ఎక్కువసేపు, బయటికి వదలండి. ఇందులో శరీరధర్మం ఉంది. పీల్చేటప్పుడు గుండె కొద్దిగా వేగంగా, వదిలేటప్పుడు కొద్దిగా నెమ్మదిగా కొట్టుకుంటుంది. వదిలే వేళ, మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నాడి దానికి కళ్లెం వేస్తుంది. కాబట్టి వదలడాన్ని సాగదీస్తే ఆ కళ్లెం ఇంకాస్త సేపు పడుతుంది. మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాం. 2001లో ఇటలీ వైద్యుడు లూచియానో బెర్నార్డి బృందం 23 మందిని పరిశీలించింది. లాటిన్‌లో జపమాల ప్రార్థన చదివినా, యోగ మంత్రం జపించినా శ్వాస నిమిషానికి దాదాపు ఆరుకు దిగింది. గుండె, రక్తపోటు లయలు కూడా దానితో కలిశాయి. మెట్లెక్కుతూ దీర్ఘం తీసి గోవిందా అన్నప్పుడు కూడా సాగేది బయటికి వదిలే ఊపిరే.

మరి ఇదంతా ఎంతవరకు పనిచేస్తుంది? 2014లో 47 పరిశోధనల్ని, 3,515 మంది వివరాల్ని కలిపి చూసిన సమీక్ష ఒకటి వచ్చింది. ఆందోళన, కుంగుబాటు, నొప్పి ఓ మోస్తరుగా తగ్గుతాయనీ, మందుల కంటే, వ్యాయామం కంటే మెరుగని చెప్పే ఆధారం లేదనీ అది తేల్చింది. 2022లో వచ్చిన ఇంకో పరిశోధనలో ఆందోళన జబ్బున్న 276 మందిని రెండుగా విడదీసి ఒక గుంపుకు ఎనిమిది వారాల శిక్షణ, ఇంకో గుంపుకు ఆందోళన తగ్గించే ఎస్సిటలోప్రామ్ మాత్ర ఇచ్చారు. రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి. అదే ఏడాది బ్రిటన్‌లో 8,000కు పైగా బడిపిల్లల మీద వచ్చిన ఫలితం వేరు: క్లాసులో అందరికీ ఒకే మూసలో నేర్పిస్తే లాభం కనిపించలేదు. ఎనిమిది వారాల్లో మెదడే మారిపోతుందన్న ప్రచారం మీద నాకు బొత్తిగా గురి లేదు. 2011లో అలా చెప్పిన పరిశోధనలో శిక్షణ పొందినవాళ్లు 16 మందే. 2022లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో 200 మందికి పైగా చూస్తే అలాంటి మార్పు దొరకలేదు.

అసలు పద్ధతి, శిక్షణ అనే మాటే గిట్టని మనిషి మన పక్కనే పుట్టాడు. మొన్నమొన్నటి దాకా చిత్తూరు జిల్లాలో ఉన్న మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, టెక్నిక్ పట్టుకుని చేసే ధ్యానం మనసును యంత్రంలా మారుస్తుందనేవాడు. ఇది మంచిది, అది చెడ్డది అని ఏరుకోకుండా ఉన్నదాన్ని చూడమన్నాడు. ఆయన మాట పూర్తిగా ఆచరణలో పెట్టడం నాబోటివాళ్ల వల్ల కాదు. ఎక్కడో ఒక కొస పట్టుకోకుండా చూడడం మొదలవ్వదు. కానీ యాప్‌లో వరుసగా ఎన్ని రోజులు చేశామో లెక్క చూసుకుని, ఒకరోజు తప్పితే దిగులుపడేవాళ్లను చూసినప్పుడు ఆయన హెచ్చరిక గుర్తొస్తుంది.

ఇంకో సంగతి. తోతాపురి మామిడి ధర పడిపోయిన ఏడు చిత్తూరు రైతును ఊపిరి గమనించమనడం అన్యాయం. ఆయనకు కావలసింది ధర. పన్నెండు గంటలు పనిచేయించి, శనివారం కూడా పిలిచి ఒత్తిడి తగ్గించే వర్క్‌షాప్ పెట్టే కంపెనీల తీరూ అంతే. గమనింపు వల్ల తగ్గేది కష్టం మీద మనసు పేర్చుకునే రెండో వరుస బాధ మాత్రమే. రైతుకు రాత్రి నిద్ర పడితే పొద్దున మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర గట్టిగా అడగడానికి ఓపిక ఉంటుంది, అంతవరకే.

కొందరికి కళ్లు మూసుకుని ఊపిరి గమనిస్తే గుండెదడ ఎక్కువవుతుంది, పాత భయాలు పైకి లేస్తాయి. అలాంటివాళ్లు కళ్లు తెరుచుకునే ఉండి, పాదాల కింది నేలను గానీ చుట్టూ వినిపించే చప్పుళ్లను గానీ గమనించడం మంచిది. అదీ పడకపోతే మానేసి అరగంట నడవొచ్చు. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోయినా, బతకాలనిపించకపోయినా సాధనతో తేల్చుకునే విషయం కాదది. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉన్నారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు రాత్రయినా పగలైనా ఫోన్ చేసి ఉచితంగా తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇప్పటికే మందులు వాడుతున్నవాళ్లు, ధ్యానం మొదలుపెట్టాం కదా అని డాక్టరును అడక్కుండా వాటిని ఆపకూడదు.