గనుల కంపెనీల డివిడెండ్లు: అపోహలు – వాస్తవాలు

మైనింగ్ కంపెనీల బ్యాలెన్స్ షీట్లు చదవడమే నా పని. నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: "ఈ షేరుకి ఈల్డ్ ఇరవై శాతం పైన చూపిస్తోంది, కొనేయమంటారా?" రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు మొత్తం పెట్టేద్దామనుకునేవాళ్లు ఇలా అడిగితే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఈల్డ్ 25 శాతం అంటే లక్ష పెడితే ఏటా పాతిక వేలు వస్తాయి.

కంపెనీ తన వాటాదారులకు పంచే డబ్బే డివిడెండ్. గత పన్నెండు నెలల్లో ఇచ్చిన డివిడెండ్‌ను ఇవాళ్టి షేరు ధరతో భాగిస్తే వచ్చేదే ఈల్డ్. రాబోయే ఏడాది గురించి అందులో ఒక్క ముక్క కూడా లేదు.

హిందుస్థాన్ జింక్‌నే తీసుకోండి. 2022-23లో ఈ కంపెనీ నాలుగు విడతల్లో 21, 15.50, 13, 26 రూపాయల చొప్పున షేరుకు మొత్తం 75.50 రూపాయలు ఇచ్చింది. షేరు ధర 300 రూపాయలనుకుంటే పాతిక శాతం ఈల్డ్. మరుసటి ఏడాది ఇచ్చింది 7, 6 కలిపి 13 రూపాయలు. పాతిక శాతం చూసి 300కి కొన్నవాళ్లకు చేతికొచ్చింది నాలుగు శాతం పైచిలుకు.

దీన్ని ముందే పసిగట్టవచ్చా? చాలావరకు పసిగట్టవచ్చు. 2022-23లో కంపెనీ లాభం సుమారు 10,500 కోట్లు. పంచింది దాదాపు 31,900 కోట్లు. లాభానికి మూడు రెట్లు పంచారంటే ఏళ్ల తరబడి కూడబెట్టిన నగదు బయటికి పోయిందన్నమాట. అలాంటి నిల్వను ఒక్కసారే ఖాళీ చేయగలరు. వాటాలు ఎవరి దగ్గర ఉన్నాయో కూడా చూడాలి. అప్పట్లో మాతృసంస్థ వేదాంత దగ్గర దాదాపు 65 శాతం, కేంద్ర ప్రభుత్వం దగ్గర 29.5 శాతం ఉండేవి. ప్రతి వంద రూపాయల డివిడెండ్‌లో తొంభై నాలుగు ఆ ఇద్దరికే వెళ్లాయి. వేదాంత కూడా అదే ఏడాది తన వాటాదారులకు షేరుకు 101.50 రూపాయలు పంచింది. ఇలాంటి అల్లికలో పై కంపెనీకి నగదు ఎంత అవసరమో కింది కంపెనీ డివిడెండ్‌లో కనిపిస్తుంది. చిన్న వాటాదారు అవసరం ఆ లెక్కలోకి రాదు.

అందుకే నేను ఈల్డ్ కంటే ముందు డివిడెండ్‌ను లాభంతో పోల్చి చూస్తాను. వంద శాతం దాటితే ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తేలేదాకా ముందుకు కదలను.

అపోహ: ఏళ్ల తరబడి తగ్గించని కంపెనీ ఇకపైనా తగ్గించదు.

ఈ నమ్మకం ఎంతమందిని ముంచిందో చెప్పాలంటే బీహెచ్‌పీ గురించి చెప్పాలి. ప్రపంచంలోని అతి పెద్ద మైనింగ్ కంపెనీల్లో ఒకటైన ఇది 'ప్రోగ్రెసివ్ డివిడెండ్' అనే విధానం పాటించేది. డివిడెండ్ తగ్గించకూడదు, వీలైతే పెంచాలి అన్నది దాని సారాంశం. వినడానికి బాగుంది. కానీ గనిలోంచి తీసే సరుకు ధర కంపెనీ చేతిలో లేదు కదా! 2011లో టన్ను 190 డాలర్ల దాకా పలికిన ఇనుప ఖనిజం 2015 డిసెంబర్‌లో 40 డాలర్ల కిందికి పడిపోయింది. 2016 ఫిబ్రవరిలో బీహెచ్‌పీ మధ్యంతర డివిడెండ్‌ను షేరుకు 62 అమెరికన్ సెంట్ల నుంచి 16 సెంట్లకు కోసింది. మరో మైనింగ్ దిగ్గజం రియో టింటో కూడా అదే నెలలో అలాంటి విధానానికే స్వస్తి చెప్పింది.

అప్పటి నుంచి బీహెచ్‌పీ పద్ధతి మారింది. లాభంలో కనీసం 50 శాతం పంచుతుంది. లాభం పెరిగితే డివిడెండ్ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఫలితం చూడండి: షేరుకు 2015-16లో మొత్తం 30 సెంట్లు, 2021-22లో 325 సెంట్లు, 2022-23లో 170, 2023-24లో 146. ఈ అంకెల పక్కన ఇనుప ఖనిజం, రాగి ధరలు పెట్టుకుని చదివితే చాలావరకు అర్థమైపోతాయి. నా ఉద్దేశంలో ఈ రెండో పద్ధతే నిజాయితీ గలది. మొదటి పద్ధతిలో ధరలు పడినప్పుడు మాట నిలబెట్టుకోవడానికి కంపెనీ అప్పు చేయాలి, లేదా గనిపై పెట్టాల్సిన ఖర్చు ఆపాలి.

మామూలు డివిడెండ్‌కు అదనంగా, ఎప్పుడో ఒకసారి ఇచ్చే స్పెషల్ డివిడెండ్లను విడిగా లెక్కేయడం మరవకండి. రియో టింటో 2021కి ఇచ్చిన 1,040 సెంట్లలో 247 సెంట్లు స్పెషల్. మరుసటి ఏడాదికి మొత్తం 492 సెంట్లకు దిగింది.

అపోహ: డివిడెండ్ ఆపేశారంటే కంపెనీ పని అయిపోయినట్టే.

2015 డిసెంబర్‌లో ఆంగ్లో అమెరికన్ అనే మైనింగ్ కంపెనీ డివిడెండ్ నిలిపేసింది. అంతకు కొద్ది నెలల ముందే మరో మైనింగ్ కంపెనీ గ్లెన్‌కోర్ ఆ పని చేసింది. చాలామంది భయపడి అమ్మేశారు. 2016లో లండన్ స్టాక్ మార్కెట్ సూచీ ఎఫ్‌టీఎస్‌ఈ 100లో అత్యధికంగా పెరిగిన షేరు ఆంగ్లో అమెరికనే. ఈల్డ్ సున్నా ఉన్న ఏడాది అది.

లోహాల ధరలు శిఖరం మీద ఉన్నప్పుడు ఈల్డ్ ఊరిస్తుంది, అడుగున ఉన్నప్పుడు కనిపించకుండా పోతుంది. శిఖరం దాటగానే మార్కెట్ ముందుచూపుతో షేరు ధర తగ్గించేస్తుంది, పాత డివిడెండ్ మాత్రం లెక్కలో అలాగే ఉంటుంది. అలా ఈల్డ్ ఇంకా పెద్దగా కనబడుతుంది. ఎక్కువమంది కొనేది సరిగ్గా అప్పుడే.

అయితే ఆపేసిన ప్రతి కంపెనీనీ ఒకే గాటన కట్టకూడదు. 2019 జనవరిలో బ్రెజిల్‌లోని బ్రుమాజిన్యోలో వాలే కంపెనీ వ్యర్థాల డ్యామ్ తెగి 270 మంది చనిపోయారు. ఆ తర్వాత వాలే డివిడెండ్లు నిలిపేసి, 2020లో తిరిగి మొదలుపెట్టింది. అక్కడ కారణం ధర కాదు, భద్రత. గని షేరు కొనేవాళ్లు డ్యామ్‌ల పరిస్థితి చదవకుండా డివిడెండ్ చరిత్ర ఒక్కటే చదవడం నాకు బాధ కలిగిస్తుంది.

అపోహ: బంగారం ధర పెరిగితే బంగారు గనుల డివిడెండ్ కూడా పెరుగుతుంది.

బంగారు గనుల కంపెనీ న్యూమాంట్ మూడు నెలలకోసారి ఇచ్చే డివిడెండ్ 2022లో 55 సెంట్లు ఉండేది. 2023లో 40కి, 2024 ఫిబ్రవరిలో 25కి తగ్గింది. ఆ ఫిబ్రవరిలో బంగారం ఔన్సు 2,000 డాలర్లకు అటూ ఇటూగా ఉంది. డీజిల్, కూలీ, యంత్రాల ఖర్చులు పెరిగాయి, పైగా న్యూక్రెస్ట్ లాంటి పెద్ద కంపెనీని కొనుక్కుంది. ఖర్చులు పోగా మిగిలితేనే కదా పంచేది.

అపోహ: వచ్చిన డివిడెండ్ అంతా నికరమైన ఆదాయమే.

గని తరిగిపోయే ఆస్తి. ఈ ఏడాది తవ్విన ఖనిజం వచ్చే ఏడాది ఉండదు. అందుకే మీ చేతికొచ్చే డివిడెండ్‌లో కొంత మీ సొంత ఆస్తి కరిగి వస్తున్నదే. కొత్త నిల్వలు వెతకడానికి, ఉన్న గనిని నడపడానికి, చివర్లో మూసి నేలను బాగుచేయడానికి పక్కన పెట్టాల్సిన డబ్బు పోగా మిగిలిందే నిజంగా పంచదగ్గది. వార్షిక నివేదికలో ఖనిజ నిల్వల పట్టిక ఉంటుంది. దాన్ని ఏటా తీసే పరిమాణంతో భాగిస్తే గనికి ఇంకా ఎన్నేళ్ల ఆయుష్షు ఉందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఆ సంఖ్య ఏటేటా తగ్గుతూ, డివిడెండ్ మాత్రం పెరుగుతూ ఉంటే నేను ఆ షేరు జోలికి పోను.

అపోహ: ఎక్స్‌-డేట్ ముందురోజు కొని, మర్నాడు అమ్మేస్తే డివిడెండ్ ఊరికే వస్తుంది.

ఎక్స్‌-డేట్ నాడు షేరు ధర దాదాపు డివిడెండ్ మేరకు తగ్గి మొదలవుతుంది; ఆ రోజు నుంచి కొన్నవాళ్లకు ఆ డివిడెండ్ రాదు కాబట్టి. పైగా డివిడెండ్‌పై పన్ను, రెండుసార్లు బ్రోకరేజీ. ఇరవై ఆరు రూపాయల డివిడెండ్ కోసం కొని, షేరు మీద అంతకంటే ఎక్కువ పోగొట్టుకుని, ఇంకా కోలుకుంటుందేమోనని నెలల తరబడి పట్టుకు కూర్చున్నవాళ్లను చూశాను.