ఇక్కడ బీఎస్సీ పీఏ చేస్తే అమెరికాలో పీఏ అవుతారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నీట్ ర్యాంకులు వచ్చాయంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "ఎంబీబీఎస్ సీటు వచ్చేలా లేదు, పిల్లను ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం, అమెరికాలో దానికి మంచి డిమాండ్ అట కదా?" హైదరాబాద్‌లో గుండె ఆపరేషన్ల విభాగంలో పీఏగా, అంటే డాక్టర్ పర్యవేక్షణలో పేషెంట్లను చూసుకునే ఫిజీషియన్ అసిస్టెంట్‌గా చేస్తున్నాను కాబట్టి బంధువులు, వాళ్ల బంధువులు, ఎవరో నంబర్ ఇస్తే చేసేవాళ్లు అందరూ ఇదే అడుగుతారు. అందరికీ చెప్పేదే ఇక్కడ రాస్తున్నా. మొదటి అపోహ దగ్గరే లక్షలు పోతున్నాయి కాబట్టి ఎక్కువ దాని గురించే.

అపోహ: ఇక్కడ బీఎస్సీ చేసి ఒక పరీక్ష రాస్తే అమెరికాలో పీఏ ఉద్యోగం వస్తుంది.

రాదు. అమెరికాలో ఏ రాష్ట్రంలో పీఏ లైసెన్స్ కావాలన్నా ముందు ప్యాన్స్ పరీక్ష పాసవ్వాలి. ఆ పరీక్ష రాయాలంటే ఏఆర్‌సీ-పీఏ, అంటే అక్కడ పీఏ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ, గుర్తింపు ఉన్న ప్రోగ్రామ్‌లో చదివి ఉండాలి. ఆ ప్రోగ్రాములన్నీ అమెరికాలోనే ఉన్నాయి, మన దేశంలో ఒక్కటి కూడా లేదు. అంటే మీ మార్కులు ఎంత బాగున్నా, ఎంత పెద్ద ఆసుపత్రిలో ఎన్నేళ్లు పనిచేసినా, ఆ పరీక్షకు అప్లై చేసే అర్హతే ఉండదు. ఇక్కడ ఎంబీబీఎస్ చేసిన డాక్టర్లకు కూడా అంతే.

ఈ అపోహ ఎందుకు పుట్టిందో నాకు అర్థమవుతుంది. మన నర్సులు ఎన్‌క్లెక్స్ రాసి వెళ్తున్నారు, డాక్టర్లు యూఎస్‌ఎమ్ఎల్ఈ రాసి వెళ్తున్నారు, ప్రతి ఊళ్లో అలా వెళ్లినవాళ్లు ఒకరిద్దరు కనబడతారు, కాబట్టి పీఏలకూ అలాంటి దారి ఉంటుందనుకోవడం సహజం. కానీ పీఏలకు అలాంటి దారి లేదు. అక్కడ పీఏ అంటే డిగ్రీ తర్వాత దాదాపు 27 నెలల మాస్టర్స్. మళ్లీ మొదటి నుంచి చదవాలి, సీటుకు పోటీ గట్టిగా ఉంటుంది, ఫీజు డాలర్లలో కట్టాలి. అన్నీ తెలిసి ఆ దారిలో వెళ్తామంటే వెళ్లండి, నేనేమీ వద్దనను. తెలియకుండా ఇక్కడ ఫీజు కట్టడమే నా బాధ.

ఖమ్మం వైపు నుంచి ఒక రైతు, కొడుకును వెంటబెట్టుకుని, మా ఆసుపత్రి క్యాంటీన్‌లో నన్ను కలిశాడు. ఒక ఏజెంటు ఇచ్చిన కాగితాలు తెచ్చాడు. కాలేజీ ఫీజు కాకుండా "విదేశీ ప్లేస్‌మెంట్" కింద విడిగా ఇంకో మొత్తం రాసి ఉంది. కాగితాలు తిప్పుతూ చివరిదాకా చదివితే, వాళ్లు ఇప్పిస్తామన్నది అమెరికాలో హాస్పిటల్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్‌లో అడ్మిషన్. ఆ చదువు చెడ్డదేం కాదు, కానీ అది పీఏ ఉద్యోగం కాదు. "అయితే మావోడు అక్కడ పేషెంట్‌ను చూడలేడా సార్?" అన్నాడు. చూడలేడని చెప్పాను. ఆ రెండో ఫీజు మాత్రం కట్టొద్దని చెప్పి పంపించాను, అబ్బాయి కోర్సులో చేరాడు, చదువుకుంటున్నాడు. ఆ తండ్రి తప్పేం లేదు. తెలిసి తెలిసి ఇలాంటి మాట అమ్మేవాళ్ల మీదే నా కోపం.

అపోహ: అమెరికా కాకపోతే లండన్.

బ్రిటన్‌లో 2024 డిసెంబర్ 13 నుంచి పీఏలు జనరల్ మెడికల్ కౌన్సిల్, అంటే డాక్టర్లను రిజిస్టర్ చేసే సంస్థ, పరిధిలోకి వచ్చారు. 2025 జూలైలో, పీఏల పని మీద అక్కడి ప్రభుత్వం చేయించిన లెంగ్ రివ్యూ వచ్చింది. "ఫిజీషియన్ అసోసియేట్" అన్న పేరును మళ్లీ "ఫిజీషియన్ అసిస్టెంట్"గా మార్చాలని, ఇంకా రోగనిర్ధారణ కాని పేషెంట్లను పీఏలు చూడటం మీద పరిమితులు ఉండాలని చెప్పింది, ప్రభుత్వం ఒప్పుకుంది. అక్కడ చదివిన పీఏలే ఉద్యోగాల గురించి టెన్షన్ పడుతున్నారు. ఇక్కడి డిగ్రీతో నేరుగా వెళ్లిపోవచ్చని ఎవరైనా అంటే నమ్మకండి.

అపోహ: మన దేశంలో దీనికి గుర్తింపే లేదు.

ఇది దానికి పూర్తి వ్యతిరేకమైన అపోహ. 1992లో మద్రాస్ మెడికల్ మిషన్‌లో డాక్టర్ కె.ఎం. చెరియన్ ఈ కోర్సు మొదలుపెట్టినప్పుడు చట్టం లేని మాట నిజమే. 2021లో అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది, అందులో మన వృత్తి "ఫిజీషియన్ అసోసియేట్" పేరుతో ఉంది. అమలు నత్తనడకే. ఈ వృత్తులవాళ్లను రిజిస్టర్ చేసే రాష్ట్ర కౌన్సిళ్లు ఏర్పాటు చేయకపోవడంతో 2024లో సుప్రీంకోర్టు గడువు పెట్టాల్సి వచ్చింది. 2025లో దేశమంతటికీ ఒకే సిలబస్ విడుదల చేశారు. ఈ చట్టం కిందికొచ్చే కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ కూడా అదే ఏడాది చెప్పింది, కాబట్టి "ఇంట్లో కూర్చుని పీఏ డిగ్రీ" అంటే ఫోన్ పెట్టేయండి.

అపోహ: కోర్సు అయ్యాక ఊళ్లో క్లినిక్ పెట్టుకోవచ్చు.

పెట్టకూడదు. పేరు ముందు డాక్టర్ అని రాసుకోకూడదు, సొంతంగా మందులు రాయకూడదు. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే జాతీయ మెడికల్ కమిషన్ చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

అపోహ: అయితే ఇది ఫైళ్లు మోసే పని.

పొద్దున ఐసీయూలో అడుగుపెడితే మొదట చూసేది ఛాతీ డ్రెయిన్ బాటిల్, అంటే ఆపరేషన్ తర్వాత ఛాతీలోంచి గొట్టం ద్వారా కారే రక్తం చేరే బాటిల్. రాత్రి షిఫ్ట్‌వాళ్లు గంట గంటకూ రక్తం ఎంతదాకా వచ్చిందో బాటిల్‌కు అంటించిన టేపు మీద పెన్నుతో గీతలు పెడతారు. గీతల మధ్య దూరం తగ్గుతూ వస్తే రక్తస్రావం తగ్గుతున్నట్టు, ఉన్నట్టుండి పెరిగితే సర్జన్‌ను వెంటనే పిలవాలి. తర్వాత రౌండ్స్, ఆపరేషన్‌లో అసిస్ట్ చేయడం, బైపాస్ కోసం కాలి నుంచి సిర తీయడం, డిశ్చార్జ్ సమ్మరీ, ఇంటికెళ్లే పేషెంట్ కూతురికి ఏ మాత్ర ఎప్పుడు వేయాలో చెప్పడం. అన్నీ డాక్టర్ పర్యవేక్షణలోనే. మొదట్లో జీతం తక్కువే, ఆ మాట దాచను. గుండె, న్యూరో, క్యాన్సర్ విభాగాల్లో, ఐసీయూల్లో పని గట్టిగా నేర్చుకున్నవాళ్లను సర్జన్లు వదులుకోరు.

చేరేముందు కాలేజీవాళ్లను ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలోనో, కోర్సుకు ఏ యూనివర్సిటీ అఫిలియేషన్ ఉందో కాగితం మీద చూపించమనండి. ఇప్పటికే చదువుతున్న పిల్లలు కంగారు పడకండి. మార్క్స్ మెమోలు, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్, సంతకాలున్న లాగ్‌బుక్ ఒక్కచోట పెట్టుకోండి, మీ రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్ తెరిచిందా లేదా అప్పుడప్పుడూ చూస్తుండండి.