మోడు చిగురించే లెక్క

ఒడిశాలోని గుణుపురం దాటి కొండల్లోకి వెళ్లే దారిలో, వేసవి మొదట్లో పోడు కొట్టిన వాలు దగ్గర ఆగితే మోకాలెత్తు మోళ్లు కనిపిస్తాయి. చెట్టును మొదలంటా నరకరు. ఇప్పను, మామిడిని, జీలుగును ముట్టుకోరు. మిగిలినవాటిని కొట్టి, ఎండనిచ్చి, వానలకు ముందు కాలుస్తారు. తొలకరికి ఆ బూడిదలో చోళ్లు, సామలు, కందులు పడతాయి. రెండు మూడు పంటలకే కలుపు ముదిరి దిగుబడి పడిపోతుంది. అప్పుడు ఆ వాలును వదిలి మరో వాలు ఎక్కుతారు. వదిలిన చోట మోళ్ల పక్కల నుంచి పిలకలు లేస్తాయి. వేరు పాతదే, లోతున ఉన్న తేమ దానికి అందుతూనే ఉంటుంది. అందుకే గింజ నుంచి మొలిచిన మొక్కకన్నా పిలక తొందరగా ఎదుగుతుంది. అడవి తేరుకునే శక్తిని కొలవడానికి ఈనాడు కంప్యూటర్లలో కడుతున్న నమూనాలు తిరిగి తిరిగి వచ్చేది ఈ మోడు దగ్గరికే. ఎన్నిసార్లు కొడితే, ఎంత తొందరగా మళ్లీ కొడితే అది ఇక చిగురించదు?

పోడు మన మాటే. అయినా ఒడిశా సర్కారు కాగితాల్లోనూ అదే మాట కనిపిస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా కొరాపుట్ కొండలు విశాఖపట్నం జిల్లావి, పర్లాకిమిడి గంజాం జిల్లాది, రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. రాయగడ, గజపతి జిల్లాలైతే 1992లో పుట్టినవి. ఈ ఊళ్ల బజారు వీధుల్లో ఉండే మన తెలుగువాళ్లకు పోడు అంటే వేసవి సాయంత్రాల్లో కొండ మీద కనిపించే నిప్పు గీత. కొండల్లోని గిరిజనులైన సవరలకు, కోదులకు అది తిండి. ఈ తేడాను దాచిపెట్టి పోడు గురించి ఏం రాసినా అబద్ధమే అవుతుంది.

అడవిని లెక్కగట్టడం ఇక్కడ కొత్త కాదు. మద్రాసు అటవీ చట్టం 1882లో వచ్చింది. దాని వెనుక బ్రిటిష్ ఇండియా అటవీ శాఖ అధిపతి డీట్రిచ్ బ్రాండిస్ తెచ్చిన జర్మన్ అటవీ శాస్త్రం ఉంది. ఏటా ఎంత కలప పెరుగుతుందో అంతే కొట్టాలన్నది అందులో సూత్రం. సూత్రంలో తప్పు లేదు. అయితే ఆ లెక్కలో మనిషి కంట్రాక్టరైనా కావాలి, నేరస్థుడైనా కావాలి. పోడు రైతు రెండో గడిలో పడ్డాడు. స్వాతంత్ర్యం తర్వాత జరిగిన సర్వే సెటిల్మెంట్లలో పోడు వాలులను సాగుదారుల పేర రాయలేదు, అవి ప్రభుత్వ భూములయ్యాయి. గొడ్డలి పడిన రోజు కేసు అయింది. గొడ్డలి పడని పదేళ్లు మాత్రం ఏ రికార్డుకూ ఎక్కలేదు.

నమూనాల కథ 1970లలో ఊపందుకుంది. 1972లో అమెరికాలో బాట్కిన్, జనాక్, వాలిస్ అనే ముగ్గురు అడవిని చిన్న చిన్న మడులుగా విడదీసి, ఒక్కో చెట్టు పుట్టడం, పెరగడం, చావడం కంప్యూటరులో నడిపించారు. ఆ మరుసటి ఏడు కెనడా శాస్త్రవేత్త సి.ఎస్. హోలింగ్ ప్రశ్ననే మార్చేశాడు. అడవి ఎంత స్థిరంగా ఉందన్నది కాదు, ఎంత దెబ్బ తిని కూడా అడవిగా మిగులుతుందన్నదే చూడాలన్నాడు. ఆయనకు పాఠం చెప్పింది ఒక పురుగు. తూర్పు కెనడాలో స్ప్రూస్ బడ్‌వార్మ్ ముప్ఫై, నలభై ఏళ్లకోసారి విజృంభించి ఫర్ చెట్లను తినేసేది. చెట్లు పోయేవి, పురుగూ పోయేది, అడవి మళ్లీ లేచేది. 1950లలో విమానాలతో మందు చల్లడం మొదలైంది. చెట్లు నిలిచాయి. ఆకు దండిగా ఉంది కనుక పురుగుకూ కరువు లేకపోయింది. మందు ఆపిన మరుక్షణం విరుచుకుపడేలా అడవి అంచున నిలబడిపోయింది. 1978లో హోలింగ్ తన సహచరులు లడ్విగ్, జోన్స్‌లతో కలిసి దీన్ని మూడు సమీకరణాల్లో పెట్టాడు. పురుగు వేగంగా మారుతుంది, చెట్టు నెమ్మదిగా మారుతుంది. ప్రమాదమంతా నెమ్మదిగా మారేదాన్ని మరిచిపోవడంలో ఉంది.

పోడులో నెమ్మదిగా మారేది వేరు. వాలును పది పదిహేనేళ్లు వదిలితే వేరులో నిల్వ నిండుతుంది. మూడు నాలుగేళ్లకే మళ్లీ కొడితే ఆ నిల్వ కరుగుతూ వస్తుంది. పైకి ఏమీ తెలియదు, ఈసారీ పిలకలు వస్తాయి, కాకపోతే సన్నగా. ఒక ఏడు అవీ రావు, గడ్డి వస్తుంది. గడ్డి ఏటా అంటుకుంటుంది, ఆ మంటలో మొలకలు చస్తాయి, మొలకలు లేవు కనుక గడ్డికి ఎదురుండదు. ఇక మనుషులు పక్కకు తప్పుకున్నా అడవి దానంతటది తిరిగి రాదు. ఒకే వాన పడే నేల అడవిగానూ, గడ్డిమైదానంగానూ రెండు రకాలుగా నిలకడగా ఉండగలదని 2011లో ఉపగ్రహ చిత్రాల ఆధారంగా వచ్చిన రెండు పరిశోధనలు ఉష్ణమండలంలో చూపించాయి.

మనుషుల సంగతి ఈ లెక్కల్లోకి ఆలస్యంగా వచ్చింది. 1968లో అమెరికా జీవశాస్త్రవేత్త గారెట్ హార్డిన్ ఉమ్మడి వనరు పాడైపోక తప్పదని తీర్పు చెప్పేశాడు. ఊళ్లు తమంతట తామే నియమాలు పెట్టుకుని అడవులను, చెరువులను కాపాడుకున్న ఉదాహరణలు పోగుచేసి రాజకీయ శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్ దాన్ని తిప్పికొట్టింది. 2009లో ఆమెకు నోబెల్ వచ్చింది. ఇప్పుడు నమూనాల్లో కుటుంబాలు కూడా కనిపిస్తున్నాయి. ఒక్కో ఇంటికి ఇన్ని నోళ్లు, ఇంత నేల, ఇంత కూలి అని పెట్టి నడిపిస్తారు. నా మట్టుకు నాకు వీటిలో బలహీనమైన చోటు ఇదే. చెట్టు పెరుగుదలకు సూత్రం దొరుకుతుంది. ఇటుక బట్టీల పనికి వలసపోయిన కొడుకు తిరిగి వస్తాడో రాడో, జీడిపప్పు ధర పడితే ఆ ఇల్లు ఏ వాలు ఎక్కుతుందో చెప్పే సూత్రం ఎక్కడ దొరుకుతుంది? అయినా అవి లేకుండా వేసిన లెక్కకన్నా ఇది మేలే. ఇంటి నుంచి ఇద్దరు వలసపోతే కొట్టే చేతులు తగ్గి, వాలుకు ఇంకొంత విశ్రాంతి దొరకవచ్చు.

ఉపగ్రహంతో వచ్చిన చిక్కు వేరు. భారత అటవీ సర్వే లెక్కలో హెక్టారు, ఆపైన ఉన్న నేల మీద చెట్ల నీడ కనీసం పది శాతం ఉంటే అది అటవీ విస్తీర్ణమే, ఏ జాతి చెట్టు, ఎవరి నేల అన్నది చూడరు. పోడు మాన్పించడానికి ఈ వాలుల్లో నాటించిన జీడితోట, పన్నెండేళ్లుగా వదిలేసిన పోడు, నిజమైన అడవి, ఆ లెక్కలో మూడూ ఒక్కటే కావచ్చు. వీటిలో నిప్పు తగిలితే తిరిగి చిగురించే గుణం మూడింటికీ ఒకేలా ఉండదు. అమెజాన్ అడవిలో నాలుగింట మూడు వంతులకు పైగా 2000ల తొలి ఏళ్ల నుంచి తేరుకునే శక్తి తగ్గిందని 2022లో తేల్చినవాళ్లు, మనుషుల జోక్యానికి దగ్గరైన చోట ఆ తగ్గుదల ఎక్కువన్నారు. అక్కడి మనిషి అంటే ముఖ్యంగా రోడ్డు, పశువుల మేత మైదానం. ఆ కొలతను తెచ్చి సవర పల్లె మీద పెడితే మళ్లీ 1882 దగ్గరే తేలతాం.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా కావాలంటే 2005 డిసెంబర్ 13 నాటికి నేల సాగుదారు స్వాధీనంలో ఉండాలి. ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడు మాత్రమేనని, వాటికి బదులు కాదని 2012 నిబంధనలు స్పష్టంగానే చెప్పాయి. కానీ పదేళ్లు వదిలి పిలకలు ఎదగనిచ్చిన వాలు ఆ చిత్రంలో ఎవరి సాగూ కాదు, పచ్చగా అడవిలా ఉంటుంది. మూడేళ్లకోసారి కొట్టిన వాలు మాత్రం సాగుభూమిలా ఎర్రగా బయటపడుతుంది. పట్టా కోసం దరఖాస్తు పెట్టుకున్న రైతు ఈ రెండు చిత్రాలూ పక్కపక్కన చూస్తే, వచ్చే మార్చిలో మోడు పక్కన లేచిన పిలకను ఏం చేస్తాడు?