ఏజెంట్ ఫోను చేసి అడగదు: డేటా స్టోరేజీ టూళ్ల డాక్యుమెంటేషన్‌పై అపోహలు - వాస్తవాలు

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి నిల్వల లెక్క భద్రపరిచే సాఫ్ట్‌వేర్‌కు డాక్యుమెంటేషన్ (వాడకం వివరాలు) రాయడం నా పని. ఇన్నాళ్లూ దాన్ని చదివింది మనుషులు. అర్థం కానిచోట ఫోను చేసి అడిగేవారు. ఇప్పుడు అదే పాఠాన్ని ఏఐ ఏజెంట్లు, అంటే మనం చెప్పిన పనిని టూళ్లను (వేరే ప్రోగ్రాములను) పిలిచి తామే చేసే ప్రోగ్రాములు, చదువుతున్నాయి. రాయని విషయాన్ని అవి చాలాసార్లు అడగవు. తోచింది ఊహించుకుని, పని పూర్తయిందని చెప్పేస్తాయి.

అపోహ: ఏజెంట్ వెనకున్న ఏఐ మోడల్ తెలివైనది, గడుల పేర్లు చూసి అదే గ్రహిస్తుంది.

గ్రహిస్తుంది, చాలాసార్లు సరిగానే. తప్పు ఊహించినప్పుడు ఎర్రర్ రాకపోవడమే చిక్కు. ‘పరిమాణం’ అనే గడి ఉందనుకోండి. అందులో ఉన్నది టిక్కీలా (మిర్చి బస్తాలా), కిలోలా, క్వింటాళ్లా? యార్డులో ధర క్వింటాలుకు పలుకుతుంది, కోల్డ్ స్టోరేజీలో సరుకు టిక్కీల లెక్కన దిగుతుంది. ఇక్కడి గుమస్తాకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. ఏజెంట్ మాత్రం టిక్కీల సంఖ్యను క్వింటాలు ధరతో గుణించి, చక్కటి పట్టిక వేసి చేతిలో పెట్టగలదు. ‘రకం’ గడిలో 334, 341 అని ఉంటాయి. అవి మిర్చి రకాల పేర్లు. వాటికి సగటు కట్టే సాహసం గుంటూరులో ఎవరూ చేయరు, ఏజెంట్‌కు ఆ మొహమాటం లేదు. అందుకే ప్రతి గడికీ ప్రమాణం ఏమిటో, విలువ ఉత్త పేరో, లెక్కించదగ్గ సంఖ్యో, ఖాళీ అంటే సున్నానో ‘తెలియదు’ అనో రాయాల్సిందే.

అపోహ: ప్రసిద్ధమైన డేటా స్టోరేజీల గురించి కొత్తగా రాయనక్కర్లేదు, మోడల్‌కు ముందే తెలుసు.

తెలిసింది పాతదై ఉండవచ్చు. ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచుకునే సేవ అమెజాన్ ఎస్3లో కొత్తగా రాసిన ఆబ్జెక్టు (ఫైలు) వెంటనే జాబితాలో కనిపిస్తుందన్న హామీ 2020 డిసెంబరులో వచ్చింది. అంతకుముందు రాసిన హెచ్చరికలు ఇంటర్నెట్ నిండా అలాగే ఉన్నాయి. ప్రస్తుత ప్రవర్తన ఏమిటో ఒక్క వాక్యం రాయండి.

అపోహ: టూల్ ఏం చేస్తుందో చెబితే చాలు.

నా దృష్టిలో అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇదే. ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పాలి. ఎస్3ని జాబితా అడిగితే ఒక్కో అభ్యర్థనకు, అంటే ఒక కాల్‌కు 1,000 పేర్లకు మించి రావు. మిగతావాటికి జవాబుతో వచ్చిన టోకెన్ (ఎక్కడ ఆగిందో చూపే గుర్తు) పట్టుకుని మళ్లీ అడగాలి. ఈ మాట రాయకపోతే ‘మొత్తం 1,000 ఫైళ్లు’ అన్న నివేదిక వస్తుంది, గుండ్రటి అంకె చూసి అనుమానించే మనిషి ఉంటే సరే. అమెజాన్ డేటాబేస్ డైనమోడీబీది ఇంకో తిరకాసు. ఒక కాల్‌లో 1 ఎంబీ మేరకే చదువుతుంది, ఫిల్టర్ ఆ చదివినదాని మీదే పనిచేస్తుంది. కాబట్టి ఒక్క వరుస కూడా లేని జవాబు వచ్చి, ముందుకు బోలెడు డేటా మిగిలి ఉండవచ్చు. ‘ఫలితం ఖాళీగా వచ్చినా, తర్వాతి కీ (ఎక్కడినుంచి మళ్లీ చదవాలో చెప్పే గుర్తు) ఉన్నంతవరకు మళ్లీ పిలవాలి’ అని టూల్ వర్ణనలోనే ఉండాలి. ఎక్కడో అనుబంధంలో పెడితే ఏజెంట్ అక్కడిదాకా వెళ్లకపోవచ్చు.

అపోహ: ఎంత ఎక్కువ రాస్తే అంత మేలు.

టూళ్ల వర్ణనలు సాధారణంగా పని మొదలవకముందే కాంటెక్స్ట్‌లో (మోడల్ ఒకసారికి చూడగలిగే పాఠంలో) చోటు తినేస్తాయి. పొడవైన పాఠంలో మొదట, చివర ఉన్న విషయాలను పట్టుకున్నంత బాగా మధ్యలోనివి మోడళ్లు పట్టుకోలేవని 2023లో ఒక పరిశోధన చూపింది. ‘వేగవంతం, విశ్వసనీయం’ లాంటి గొప్పలు ముందుగా కొట్టేయండి.

అపోహ: ఎర్రర్ సందేశాలు ప్రోగ్రామర్ల వ్యవహారం.

అవసరమైన క్షణంలో ఏజెంట్ చదివే డాక్యుమెంటేషన్ అవే. ‘అభ్యర్థన చెల్లదు’ అంటే అదే తప్పు మళ్లీ పంపుతుంది. ‘తేదీ 2025-03-14 రూపంలో ఉండాలి’ అంటే దిద్దుకుంటుంది. జవాబు రాకుండా కాల్ తెగిపోతే తిరిగి పంపవచ్చో లేదో కూడా చెప్పండి. చెప్పకపోతే ఒకే లాటు రెండుసార్లు జమ కావచ్చు.

అపోహ: ‘ఇది డేటాను తొలగిస్తుంది’ అని గుర్తు పెడితే రక్షణ ఉన్నట్టే.

ఏఐ కంపెనీ ఆంత్రోపిక్ 2024 నవంబరులో విడుదల చేసిన ఎంసీపీలో (ఏఐకి టూళ్లను జతచేసే ప్రమాణంలో) అలాంటి గుర్తులకు తర్వాత చోటిచ్చారు. అవి సూచనలేనని ఆ ప్రమాణమే చెబుతుంది. తొలగింపును ఆపేవి స్టోరేజీలో ఇచ్చే అనుమతులు. చదవడమే పనైన ఏజెంట్‌కు చదివే అనుమతే ఇవ్వండి.

అపోహ: యూనికోడ్ వచ్చాక తెలుగు పేర్లతో ఇబ్బంది లేదు.

ఎస్3లో పేరు పొడవు 1,024 బైట్లు దాటకూడదు. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. అంటే 341 సంకేతాలు, గుణింతాలూ వత్తులూ కలుపుకొని. (మళ్లీ 341! మిర్చికీ దీనికీ సంబంధం లేదు.) పైగా ‘కైకలూరు’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయవచ్చు, రెండు సంకేతాల జంటగానూ రాయవచ్చు. కంటికి ఒకటే, ఎస్3కి రెండు వేర్వేరు పేర్లు. ఏ రూపం వాడుతున్నారో రాసి పెట్టండి.

అపోహ: చదివి చూస్తే బాగుందో లేదో తెలిసిపోతుంది.

రాసినవాళ్లకు తెలియదు. నమూనా డేటా మీద ఏజెంట్‌ను నడపండి. ‘తేజ రకం ఎన్ని టిక్కీలు ఉన్నాయి’ అని అడిగి, జవాబు పక్కనపెట్టి అది చేసిన కాల్స్ చదవండి. ఊహతో నింపిన పారామీటర్ (కాల్‌లో పంపే విలువ) కనిపించిన ప్రతిచోటా డాక్యుమెంటేషన్‌లో ఒక వాక్యం తక్కువైనట్టు.